మేం గెలిచిన కబడ్డీ ఫైనల్

ఈమధ్య నేను పనిచేసిన కాలేజీవాళ్ళు ప్రత్యేక సంచిక వేస్తున్నామని, ఆటల మాస్టారుగా నా అనుభవం గురించి ఒక పేజీ రాసిమ్మని అడిగారు. కప్పులూ మెడల్సూ వరసగా రాసుకుంటూ వచ్చి ఒక కబడ్డీ షీల్డు దగ్గర ఆగిపోయాను. అక్కడ రాయలేనిది ఇక్కడ నా ఈడువాళ్ళతో చెప్పుకుంటున్నాను.

కాలేజీకి వెళ్ళకముందు జంషెడ్‌పూర్‌లోనే ఒక స్కూల్లో చాలా ఏళ్ళు చేశాను. అప్పట్లో అన్ని ఆటలకూ మాస్టారు ఒక్కడే. పొద్దున్న పరుగులు, సాయంత్రం కబడ్డీ, వాలీబాల్, వానాకాలం ఫుట్‌బాల్, మధ్యలో సున్నంతో గీతలు గీసుకోవడం, చిరిగిన నెట్లు కుట్టుకోవడం కూడా నా పనే. ఏ పిల్ల ఏ ఆట ఆడాలో, ఎంతవరకు ఆడాలో తేల్చేదీ నేనే. అందులో ఎంత బరువుందో నాకప్పుడు తెలియలేదు.

భుయ్యాడీహ్ బస్తీ నుంచి ఒక అమ్మాయి వచ్చేది. తండ్రి శ్రీకాకుళం వైపు మనిషి, గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిచ్చే ఆ పిల్ల ఎనిమిది వందల మీటర్లు పరిగెడుతుంటే చివరి చుట్టులో కూడా అడుగు తడబడేది కాదు. ఆ పరుగుకే రాంచీలో రాష్ట్ర జట్టు ఎంపికకు పిలుపొచ్చింది. సరిగ్గా ఆ ఎంపికకు వారం ముందు మా స్కూలు మొదటిసారి కబడ్డీ ఫైనల్‌కి చేరింది. మా జట్టులో ధైర్యంగా కూతకెళ్ళేది కూడా ఆ పిల్లే.

ఫైనల్ రోజు పొద్దున్న నా దగ్గరకొచ్చి, "సర్, ఘుట్నా సూజ్ గయా హై," అంటూ వాచిన మోకాలు చూపించింది. చెయ్యి పెట్టి చూశాను, వేడిగా ఉంది. తెలియక కాదు, తెలిసే గట్టిగా కట్టు కట్టి, ఈ ఒక్క ఆటే కదమ్మా అన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, తలూపి వెళ్ళిపోయింది.

చివరి కూతలో అవతలివాళ్ళు కాలు పట్టేశారు. ఒళ్ళొకవైపు, మోకాలొకవైపు తిరిగింది. పడిపోతూ కూడా చెయ్యి చాచి గీత అందుకుంది. మేం గెలిచాం. ఆ కేకల్లో ఆ పిల్ల ఏడుపు వినిపించడానికి నాకు కొంతసేపు పట్టింది.

కొన్ని వారాల తర్వాత పిండికట్టు విప్పితే నడక వచ్చింది గాని పరుగు రాలేదు. ఆస్పత్రి వరండాలో తండ్రి నా చేతులు పట్టుకుని, "మీరేటి సేత్తారు మాస్టారూ, ఆటన్నాక దెబ్బ తగల్దేటి? మీరు నేకపోతే మా పిల్లకి రాంచీ నుంచి పిలుపొచ్చునా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. అది దుఃఖమనే అనుకున్నాడు ఆయన.

తర్వాత ఎన్నో ఏళ్ళు, సొంతూరు వెళ్ళొచ్చినప్పుడల్లా జీడిపప్పు పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ చెప్పేద్దామనుకునేవాణ్ణి, టీ తాగి ఆయన లేచి వెళ్ళేదాకా వేరే కబుర్లే చెప్పేవాణ్ణి. పోయిన చలికాలం ఆయన పోయాడు. పదో రోజున వెళ్ళి, నలభై దాటిన ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, ఆనాటి వాపు సంగతి నాన్నకెప్పుడైనా చెప్పావా అని అడిగాను. ఎన్నడూ లేనిది తెలుగులో జవాబిచ్చింది.

"సెప్నేదు సార్. మీమీద నాన్నకి అంత గురి. అది కూడా పోతే ఆయనకింకేటి మిగుల్తాది?"

నా ఈడువాళ్ళు కలిసినప్పుడు, ఈ కాలం పిల్లలు మాస్టార్లకి ఎదురు చెబుతున్నారని వాపోతుంటారు. నిజమే, నొప్పిగా ఉంటే ఆడనని ఇప్పటి పిల్లలు మొహమ్మీదే చెప్పేస్తున్నారు. నాకు మాత్రం ఆ మాట వింటే ప్రాణం కుదుటపడుతుంది. ఆ పొద్దున్న ఆ పిల్ల కూడా ఒక్క మాట అని ఉంటే బాగుండేదనుకుంటాను. అనుకున్న మరుక్షణం సిగ్గేస్తుంది. వద్దనాల్సినవాణ్ణి నేనైతే, ఆ పని పదిహేనేళ్ళ పిల్ల మీదకెందుకు తోస్తున్నాను?