నేను తప్పు రాసిన ఊపిరి లెక్క

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. లెక్క మాత్రం చిన్నప్పటి నుంచే వచ్చు. ఎమ్మిగనూరులో మగ్గం మీద బతికినదాన్ని, పడుగు పోగులు లెక్కపెడితే ఒక్కటి కూడా తప్పేది కాదు. అందుకే ఆదోని ఆసుపత్రిలో నర్సమ్మ నా చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చినప్పుడు, ఈ పని నాకంటే బాగా ఎవరు చేస్తారులే అనుకున్నాను.

కరోనా రెండోసారి వచ్చిన రోజులవి. కూతురు, అల్లుడు ఇద్దరూ జ్వరంతో ఇంట్లో మంచాన పడ్డారు. ఏడేళ్ళ మనవరాలికి మూడు రోజులైనా జ్వరం దిగలేదు. నేనే దాన్ని తీసుకుని ఆదోనికి వెళ్ళాను. పిల్లల వార్డులో చేర్చుకున్నారు.

డాక్టరమ్మ చిన్న వయసుది. మొదటి రోజే ఆమెను పట్టుకుని అడిగాను.

"అమ్మా, దీనికి ముదురుతాదా, తగ్గుతాదా? ఒక్క మాట సెప్పు."

"ఇప్పుడే చెప్పలేనవ్వా. చానామంది పిల్లలకు తగ్గిపోతాది. ఎవరో ఒకరికి ఉన్నట్టుండి ఎక్కువైతాది. అది ఎవరికో ముందే పట్టుకోవల్లంటే చూస్తానే ఉండాల."

"ఇంత సదివి ఇంతేనా?"

ఆమె నవ్వి, "ఇంతే. అందుకే నీ సాయం కావల్ల," అంది.

గడియారంలో పెద్ద ముల్లు కాదు, పరిగెత్తే సన్న ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు పాప పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టాలి. వేలికి తగిలించిన ఆక్సిమీటరులో ఎంత ఉందో చూడాలి. రెండు గంటలకోసారి రెండూ రాయాలి. ఒక్క అంకెతో ఏమీ తెలియదట, అది ఎటు పోతోందో చూసి తెలుసుకోవాలట. ఊపిరి లెక్క పెరుగుతున్నా, వేలి దగ్గర ఆక్సిజన్ అంకె తగ్గుతున్నా ముదురుతున్నట్టట. వార్డంతటికీ ఒక్క నర్సమ్మే కాబట్టి తోడున్నవాళ్ళమే రాసేవాళ్ళం.

కానీ నా కళ్ళ మీద నాకు నమ్మకం ఎక్కువ. ఎదురు మంచంలో కోసిగి నుంచి వచ్చిన పాప బొద్దుగా ఉండేది, ఫోను చూసి కిలకిలా నవ్వేది. "అందరికంటే ముందు ఇంటికి పోయేది నీ బిడ్డే," అని వాళ్ళమ్మతో అన్నాను. పక్క మంచంలో దేవనకొండ ఊరి పిల్ల పుల్లలా ఉండేది. అది బతకదని మనసులో తేల్చేశాను. రెండు రోజులకు కోసిగి పాపను ఎత్తుకుని అంబులెన్సులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. దేవనకొండ పిల్ల పెరుగన్నం తింటూ ఊరగాయ కావాలని పేచీ పెట్టింది. కోసిగి పాప ఏమైందో మాకు తెలియలేదు. తెలియకపోవడం వల్లే కర్నూలు అన్న మాటంటే నాకు వణుకు పుట్టింది.

ఆ మరుసటి మధ్యాహ్నం లెక్కపెడితే ముప్పైనాలుగు వచ్చింది. పొద్దున ఇరవైఆరు. వేలి దగ్గర తొంభైఅయిదు ఉన్నది తొంభైరెండు అయింది. నేను కాగితం మీద మళ్ళీ ఇరవైఆరు, తొంభైఅయిదు అని రాశాను.

మగ్గం మీద పోగు తెగితే ముడివేసి, ఆ ముడిని వేలితో అదిమి నేత సాగిస్తాం. తెగిన సంగతి చీర కట్టుకునేదానికి తెలియదు. నలభై ఏళ్ళు చేసిన పని అది. ఇదీ ఒక్క పోగే, తర్వాత సర్దుకుంటుందిలే అనుకున్నాను. సగం అది. మిగతా సగం, నిజం రాస్తే కర్నూలు అంటారని భయం.

రెండు గంటల తర్వాత ముప్పైఎనిమిది, తొంభైఒకటి. ఇరవైఎనిమిది, తొంభైనాలుగు అని రాశాను. నర్సమ్మ వచ్చి కాగితం చూసింది.

"బాగుండాదవ్వా. నా డూటీ నువ్వే చేసేట్టుండావే!" అని అవతలి మంచానికి వెళ్ళిపోయింది.

మనవరాలు నా వైపే చూస్తోంది. బడి మూసినప్పటి నుంచి ఇంట్లో నాకు పలక దిద్దే పంతులమ్మ అదే. నేను పైకే లెక్కపెడతానని మరిచిపోయాను.

"అవ్వా... ముప్పైఎనిమిది అంటివి," అని ఆగింది. ఊపిరి తీసుకుని, "ఆడ... ఇరవైఎనిమిది ఉండాది," అంది.

"నోరు మూసుకుని పండుకో."

"తప్పు రాసినావు." మళ్ళీ ఆగింది. "కొట్టేసి... రాయి."

ఇంట్లో రోజుకు పదిసార్లు ఒక్క గుక్కలో అనే మాట అది. ఇప్పుడు ఆ రెండు ముక్కల మధ్య ఊపిరి తీసుకుంది. నేను లేచి డాక్టరమ్మ దగ్గరికి నడిచాను.

"అమ్మా, మజ్జాన్నం నుంచి నేను అబద్ధం రాసినా. కర్నూలుకు పంపుతారని బయపడి."

ఆమె కాగితం లాక్కుంది. "నిజం లెక్కలు గుర్తుండాయా?"

గుర్తున్నాయి. నాలుగూ చెప్పాను. వింటూనే వార్డులోకి పరిగెత్తింది. పాప వీపు మీద గొట్టం పెట్టి విని, ముక్కుకు ఆక్సిజన్ తగిలించి, అప్పుడు నా మీద అరిచింది.

"నువ్వు రాసింది నమ్మే కదవ్వా, ఈ బిడ్డ బాగుండాదని వదిలిపెట్టినా! కర్నూలుకు పంపేది చంపేదానికా?"

తప్పు అంకెలు కొట్టేసి, వాటి పక్కన నిజమైనవి రాసి ఇచ్చాను.

పొద్దు వాలకముందే అంబులెన్సు ఎక్కాం. బండి మా ఎమ్మిగనూరు మీదుగానే పోయింది, ఆగలేదు.

"మన ఊరు వచ్చిందా?" అని పాప మాస్కు కింద నుంచి అడిగింది.

"వచ్చింది. పోయింది కూడా," అన్నాను. ఆ రోజు ఇంకో అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు.

కర్నూలు డాక్టరు కాగితం చూసి, "ఇందులో ఏది నమ్మాల?" అన్నాడు.

"కొట్టేసినవి వదిలేయప్పా. పక్కన రాసినవి నిజం."

ఆయన ఏదీ నమ్మకుండా గడియారం చూస్తూ తానే లెక్కపెట్టాడు. మంచి పని చేశాడు.

పదకొండు రోజులకు ఇంటికి వచ్చాం. తర్వాత ఆదోనిలో చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను అడిగాను, నేను తప్పు రాసిన ఆ రెండుసార్లు లేకపోతే జబ్బు అంత దూరం పోయేది కాదా అని.

"అదీ చెప్పలేనవ్వా," అంది. ఈసారి నవ్వలేదు.

ఇప్పుడు మనవరాలు పెద్ద బడికి పోతోంది. దగ్గు వస్తే చాలు, పక్కన కూర్చుని పొట్ట చూస్తూ లెక్కపెడతాను. విసుక్కుంటుంది గానీ కదలకుండా పడుకుంటుంది. ముల్లు చుట్టు పూర్తయ్యాక, అంకె రాయమని పెన్సిలు దాని చేతికే ఇస్తాను.