పన్నెండో డబ్బా

ముప్పై ఏళ్ళకు పైగా ఒక మాటను కడుపులో పెట్టుకుని బతికాను. బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోయని మనిషిని నేను. ఆ మాటనూ అలాగే దాచాను. మా ఆయనకు చెప్పలేదు, ఆయన పోయాడు. కొడుక్కి చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. మూడో తరగతి దాకా చదువుకున్నదాన్ని. అక్షరాల్లో తప్పులుంటే మీరే దిద్దుకోండి. అసలు తప్పు దిద్దడం ఇక ఎవరివల్లా కాదు.

మాది గుండ్లకమ్మ ఒడ్డున ఊరు. మిరప, పత్తి పండే నేల. వానలకు ఏరు ఒడ్డులు ఒరుసుకుని పారుతుంది. ఎండలు ముదిరేసరికి ఇసుక తేలి, అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. మా ఊరి కింద మడుగు మాత్రం ఏ వేసవిలోనూ ఎండేది కాదు. మళ్ళీ ఏరు కదిలేదాకా చేపలన్నీ అందులోనే తలదాచుకునేవి.

మస్తాను ఆ ఏట్లో చేపలు పట్టి బతికేవాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. అక్కా అని పిలిచేవాడు. వేసవిలో ఆ మడుగులో తను వల వేసేవాడు కాదు, ఇంకొకళ్ళను వేయనిచ్చేవాడు కాదు. "అది విత్తనం అక్కా. విత్తనం తినేస్తే ఏడాదంతా ఏం తింటాం?" అనేవాడు. ఆ రెండు నెలలూ కూలికి పోయేవాడు. మా మిరప కల్లంలోనూ పనిచేశాడు. నేను విత్తనం దాచే మనిషిని కాబట్టి అతని మాట నాకు నచ్చింది. నచ్చిందని ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడు మిరపకు పురుగు బాగా పట్టింది. మందు మీద మందు కొట్టాం. అప్పట్లో మందు అల్యూమినియం డబ్బాల్లో వచ్చేది. బిర్రుగా మూత, లోపలికి తేమ పోదు. కాయ కల్లానికి చేరాక ఖాళీ డబ్బాలు పోగు చేస్తే పన్నెండు తేలాయి. కడిగి ఎండబెడితే ధనియాలు, మెంతులు, కంది విత్తనాలు పోసుకోవచ్చు. మా వైపు ఆడవాళ్ళం చాలామందిమి అలాగే చేసేవాళ్ళం, తప్పని ఎవరమూ అనుకోలేదు. ప్రతి డబ్బా అడుగునా మేకుతో మూడు చుక్కలు కొట్టాను. మా ఇంట్లో గిన్నెలన్నిటికీ అవే మూడు చుక్కలు, నావని తెలియడానికి.

ఇంట్లో బావి ఉంది, గేదెల తొట్టి ఉంది. అయినా డబ్బాలు గంపకెత్తుకుని మడుగుకు నడిచాను. నీళ్ళు తోడే శ్రమ ఉండదని. చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను.

రెండు డబ్బాల్లో అడుగున మందు మిగిలి పేరుకుపోయింది. పుల్లతో పొడిచి, నీళ్ళు పోసి ఆడించి, మడుగులోకి వంపాను. తర్వాత ఇసుకా బూడిదా వేసి ఒక్కొక్కటే తోమి ముంచాను. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఇంటికొచ్చి చూసుకుంటే పదకొండే ఉన్నాయి. ఒకటి జారి మునిగినట్టుంది. ఆ ఒక్కదాని కోసం తెల్లారగానే మళ్ళీ వెళ్ళాను.

మడుగు మీద తెల్లగా ఏదో పరుచుకుని ఉంది. ఎవరో పత్తి పారబోశారనుకున్నాను. చేపల పొట్టలవి. జెల్లలు, బొమ్మిడాయిలు, మోచేతి పొడుగు కొర్రమీన్లు. ఒడ్డున ఒక తాబేలు మెడ చాచి పడి ఉంది. మస్తాను మొలలోతు నీళ్ళలో నిలబడి చచ్చిన చేపల్ని గంపలోకి ఏరుతున్నాడు. ముఖం అంతా తడి. నీళ్ళో, కన్నీళ్ళో నేను చూడదల్చుకోలేదు. నన్ను చూసి అరిచాడు.

"దిగబాక అక్కా! ఆ నీళ్ళు ముట్టుకోబాక! పిల్లకాయల్ని ఇటు రానీయబాకండని ఊళ్ళో చెప్పు. ఇయ్యి తిన్నోళ్ళు బతకరు. నేను గుంట తీసి పూడ్చిపెడతా."

నన్ను దిగొద్దన్నవాడు తను ఆ నీళ్ళలోనే ఉన్నాడు. నేను తల ఊపి తిరిగొచ్చేశాను. డబ్బా కోసం వెతకలేదు. ఒక్క గింజ జారితే వంగి ఏరుకునేదాన్ని, డబ్బా వెతక్కుండా వచ్చేశానంటే అప్పటికే నాకు అంతా అర్థమైనట్టే కదా? ఊళ్ళో చెప్పమన్నాడు. చెప్పానా? నా పిల్లలిద్దరికి మాత్రం చెప్పాను.

మధ్యాహ్నానికి పంచాయతీ ఆఫీసు వసారాలో ఊరు పోగైంది. ఆ నీళ్ళు తాగి రెండు గొర్రెలు పడిపోయాయి. చేపల కోసం నీళ్ళలో మందు కలిపేవాళ్ళు అక్కడక్కడా ఉండేవాళ్ళు, అందుకని అందరి చూపూ మస్తాను మీదికి పోయింది. నేను పొద్దున ఏటికి వెళ్ళడం ఎవరో చూశారు. ఊరి పెద్దాయన నన్ను పిలిపించాడు.

"ఏమ్మా, తెల్లారే ఏటికి పోయొచ్చావంట. ఎవరున్నారక్కడ?"

"మస్తాను."

"ఏం చేస్తన్నాడు?"

"చేపలు గంపకెత్తుతున్నాడు."

"ఇంకేం కావాలయ్యా!" అన్నాడు వెనకనుంచి ఒకడు. "విత్తనం, విత్తనమని మనకి సుద్దులు చెప్పి, దొరగారు ఒక్కడే ఊడ్చుకుపోదామనుకున్నాడు."

నవ్వారు. మస్తాను వాళ్ళ వైపు చూడలేదు. నా వైపే చూశాడు.

"అక్కా, పూడ్చిపెడతానని నీకు చెప్పాగా. ఆ ముక్క కూడా చెప్పక్కా."

"నాకేం వినపడలా," అన్నాను.

అంతే. ఆ రోజు నేనాడిన అబద్ధం ఆ రెండు మూడు మాటలే, మిగతావన్నీ నిజాలు. అబద్ధాన్ని కూడా పొదుపుగానే వాడాను. ఎందుకన్నాను? పూడుస్తానన్నాడని చెబితే, మరి మందు కలిపిందెవరన్న ప్రశ్న వస్తుంది. ప్రశ్న వస్తే డబ్బాలు తోముకున్నది నేనని ఎవరికైనా గుర్తు రావచ్చు. అంత ఆలోచన నాకు అంత తొందరగా ఎలా వచ్చింది? మంచి పని చేయడానికి ఎప్పుడూ నాకు అంత తొందరగా ఆలోచన రాలేదు.

మస్తాను ఇక ఏట్లో వల వేయకూడదన్నారు. నెల తిరక్కుండా భార్యనూ చంటిబిడ్డనూ తీసుకుని గుంటూరు వెళ్ళి, మిరప యార్డులో టిక్కీలు, అంటే కాయ బస్తాలు, మోసే పనిలో చేరాడు. ఊళ్ళో ఆ మడుగుకు మస్తాను మడుగు అని పేరు పడింది. తిట్టులా పడింది.

తర్వాత ఒక్కసారి చూశాను అతన్ని. మా ఆయనతో కాయ వేసుకుని యార్డుకు వెళ్ళినప్పుడు, మా టిక్కీలు దించడానికి వచ్చినవాళ్ళలో ఉన్నాడు. మిరప ఘాటుకు ఆగకుండా దగ్గుతున్నాడు. నీళ్ళలో పెరిగిన మనిషి. నన్ను గుర్తుపట్టాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మడుగులో కొర్రమీను మళ్ళీ వచ్చిందా అక్కా?" అని అడిగాడు.

వచ్చిందన్నాను. రాలేదు. అది రెండో అబద్ధం. అతని ముఖం విప్పారింది. కొన్నాళ్ళకు దగ్గుతోనే పోయాడని విన్నాను.

ఈ కథ నాతోనే పోయేది. పోవాలనే చూశాను. కానీ నా మనవరాలికి ఏరంటే పిచ్చి. గుంటూరులో చదువుకుంటూ, తనలాంటివాళ్ళతో కలిసి గుండ్లకమ్మ వెంట కొండల్నుంచి సముద్రం దాకా నడుస్తోంది. నీళ్ళున్న చోట చిన్న పడవల మీద, లేని చోట కాలినడకన. గాజు గొట్టాల్లో నీళ్ళు పట్టి చూస్తారు, ఏ చేప ఎక్కడుందో రాసుకుంటారు, చెత్త ఏరతారు, ఒక్కో మడుగు దగ్గర దాని సంగతి చెప్పే బోర్డు పెడతారు. ఇన్ని రోజులు ఎండలో తిరగడం దేనికే అని నేను కసిరాను. మా ఊరు చేరాక, మా మడుగు బోర్డు మీద రాయబోయేది నాకు చదివి వినిపించింది. వేసవిలో చేపలకు ఆదరువైన ఈ మడుగులో ఒక జాలరి అత్యాశతో విషం కలిపాడు, అని.

"నిజమేగా నానమ్మా? నువ్వప్పుడు ఇక్కడే ఉన్నావుగా?"

ఊ అన్నాను. మూడోసారి.

ఆ సాయంత్రం వాళ్ళు మడుగులోంచి తీసిన చెత్తంతా మా వాకిట్లో పోశారు. అందులో బురద పట్టి, సొట్టలు పడిన అల్యూమినియం డబ్బా ఒకటి ఉంది. కాలితో తిప్పాను. అడుగున మూడు చుక్కలు.

"దాన్ని పారెయ్యకండి, ఇటివ్వండి," అన్నాను.

"మా నానమ్మ చెత్తనూ వదలదు!" అని మనవరాలు పడీ పడీ నవ్వింది. దాని స్నేహితులూ నవ్వారు. వాళ్ళు నవ్వుతుంటే నేను డబ్బాను కొంగులో చుట్టుకుని లోపలికి పోయాను.

మర్నాడు పొద్దున మనవరాల్ని వంటింట్లో కూర్చోబెట్టాను. అప్పటి పదకొండు డబ్బాల్లో మిగిలిన ధనియాల డబ్బా ఖాళీ చేసి బోర్లించాను. పక్కన ఏటి డబ్బా బోర్లించాను. రెండింటి మీదా మూడేసి చుక్కలు. మీకు చెప్పిందంతా దానికి చెప్పాను. మధ్యలో అడ్డు రాలేదు, ఏడవలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"మనింట్లో తొట్టి ఉండగా, అంత దూరం ఏటికెందుకు మోసుకెళ్ళావు నానమ్మా?"

నీళ్ళు తోడే శ్రమ ఉండదని చెప్పబోయాను. అలవాటైన మాట, నోటి చివర సిద్ధంగా ఉంది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"గేదెలు తాగుతాయని."

అదండీ. నాకు ముందే తెలుసు. నా గొడ్లకు విషమని తెలుసు. ఏరు నాది కాదు, ఏట్లో ప్రాణాలు నావి కావు, అంతే. తెలియక చేశానని ఇన్నేళ్ళు ఒక మూల ఆసరా ఉండేది. అదీ పోయింది.

మనవరాలు లేచి ఏటికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులైంది, అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. బోర్డు మీద మాటలు కొట్టేసింది. గుంటూరులో మస్తాను కూతుర్ని వెతుక్కుని వెళ్తానంది. నన్ను రమ్మనలేదు. నేనే అడగాలి. ఇంకా అడగలేదు. ఆ రెండు డబ్బాలూ వంటింట్లో అలాగే బోర్లించి ఉన్నాయి, నేను తీయలేదు, అదీ తీయలేదు. మనసు తేలికపడిందా అంటే, బరువు దించుకున్న చోట ఇంకా నొప్పిగానే ఉంది. కానీ దించాను.

మీరు ఎప్పుడైనా ఆ ఏటి వెంట నడిచి, మా ఊళ్ళో ఎవరైనా ఆ మడుగు కథ చెబితే, కాదని చెప్పండి. మస్తాను చేపల్ని చంపలేదు. మొలలోతు విషంలో నిలబడి ఏరి పూడ్చాడు. పూడ్చిపెడతానని నాతో చెప్పాడు. నాకు వినపడింది.