సంతకం లేని గొర్రెలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు పట్టణాల్లో పాత బొమ్మల కథల పుస్తకం ఎవరి చేతికి దొరికినా సరే, ఆ బొమ్మలు ఎవరు గీశారో తేల్చుకోవాలంటే నా దగ్గరికే రావాలి. సంతకం అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. ఒక్క ముక్కు చూపిస్తే చాలు, గీసిన చెయ్యి ఎవరిదో చెప్పేస్తాను. మూడు పట్టణాలూ నా మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంటాయి.

మూడు పట్టణాలంటే ఊళ్లకు ఊళ్లే అనుకోకండి. సూర్యాపేటలో ఈ పిచ్చి ఉన్నది నాకు. కోదాడలో పాత పుస్తకాలు పోగుచేసే ఒక మిత్రుడికి. మిర్యాలగూడలో మొన్నమొన్నటిదాకా ఎవరికీ లేదు. రెండు ఊళ్ల పేర్లే చెబితే వినడానికి పలచగా ఉంటుందని మూడోదాన్ని కూడా కలుపుకున్నాను.

మా చిన్నప్పటి పిల్లల మాసపత్రికల్లో కథ రాసినవాడి పేరు వేసేవారు, అచ్చేసిన ప్రెస్సు పేరు వేసేవారు, వెనక అట్ట మీద పళ్లపొడి పేరు అన్నిటికన్నా పెద్దగా వేసేవారు. బొమ్మలు గీసినవాడి పేరు మాత్రం చాలాసార్లు ఉండేది కాదు. కోటలు, అడవులు, రాక్షసులు కాగితం మీద వాటంతటవే మొలుస్తాయని సంపాదకుల నమ్మకం కాబోలు. వాళ్లు పెట్టని పేర్లు నేను పెట్టుకున్నాను. ఒకరు ముక్కులాయన. ఆయన బొమ్మల్లో రాజుకీ మంత్రికీ మంత్రసానికీ ఒకటే ముక్కు, కత్తిపీట మొనలాగా. ఇంకొకరు మడతలాయన. పంచె మడతలు ఎంత శ్రద్ధగా దిద్దుతాడంటే ఆ పంచె కింద కాళ్లుండాలన్న సంగతే మరిచిపోతాడు. మూడోవాడికి వేళ్లు గీయడం రాదు. అందుకే ఆయన వీరులంతా చేతులు వెనక్కి కట్టుకునే యుద్ధానికి పోతారు.

నా విద్య ఎంత గొప్పదంటే, ఒకసారి మునగాల దగ్గర హైవే మీద ధాబాలో చాయ్ తాగుతూ గోడ మీది పులిని చూడగానే, అది ఫలానా గురువు దగ్గర నేర్చుకున్న చెయ్యేనని తేల్చేశాను. కుంచె ఎక్కడ మొదలైందో, ఎక్కడ వేగం అందుకుందో, మీసాల దగ్గర శ్వాస ఎలా బిగబట్టాడో పక్క బల్ల వాళ్లకు కూడా వివరించాను. ధాబా యజమాని ఓపిగ్గా అంతా విని, "అది ఫ్లెక్సీ సార్. మా తమ్ముడు నెట్ల కెళ్లి తీసి ప్రింటు కొట్టిచ్చిండు" అన్నాడు. ఈ సంగతి కోదాడ మిత్రుడికి నేను చెప్పలేదు. ఎట్లాగో తెలిసింది. ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తే "పులి ఎలా ఉందండీ?" అని మొదలుపెడతాడు.

పోయిన ఎండాకాలం ఆయన దగ్గర నుంచి అలాంటి ఫోనే వచ్చింది. "మాస్టారూ, మీకో గౌరవం తెచ్చానండీ." కోదాడ ఆయన గౌరవం అన్నాడంటే తనకు చెయ్యబుద్ధికాని పని ఏదో ఉందని అర్థం.

సంగతి ఇది. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసులో పనిచేసే ఒకామె ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి, వాళ్ల నాయిన చెప్పిన, గొర్రెల కాపరి రాజుగా మారే పాత బొమ్మల కథ ఒకటి దొరుకుతుందేమో అని అడిగింది. ఈయన పుస్తకాల గుట్టలో నుంచి దాన్ని లాగి ఇచ్చాడు. ఆ బొమ్మలు వాళ్ల నాయిన గీసినవేనా కాదా చెప్పమని ఆమె అడిగింది. "చూడగానే తెలిసిందండీ, ముక్కులాయన గీతే. ఆ మాట ఆడకూతురి మొహమ్మీద ఎలా చెప్తానండీ? తీర్పులు చెప్పేది సూర్యాపేటలో ఉన్నారని చెప్పి పంపాను" అన్నాడు.

తర్వాత ఆమే ఫోన్ చేసింది. వాళ్ల నాయినది నిడమనూరు పక్కన పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. వయసులో ఉన్నప్పుడు బెజవాడ పోయి కొన్నేళ్లు ఉండి వచ్చాడు. తండ్రి మంచం పడితే తిరిగొచ్చి మళ్లీ మంద వెంట నడిచాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒకటే మాట, 'నేను పుస్తకాల్ల బొమ్మలు గీసిన'. ఆ పుస్తకం ఇంట్లో ఎవరూ చూడలేదు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక కూతురింటికి వచ్చి ఉంటున్నాడు. మొన్న చుట్టాల ఇంట్లో గృహప్రవేశం నాడు, భోజనాల బంతిలో అందరూ కూర్చున్నప్పుడు, అల్లుడు గట్టిగా అన్నాడట: "మా మామ గీస్తె రాజులు లేచి నడిచెటోళ్లంట. మరి రాజులు గాడ నడుస్తుంటె గీయన గొర్లెంట ఎందుకు నడిచిండో."

ఆ రోజు నుంచి మామా అల్లుళ్లకు మాటల్లేవు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని, నడుమ ఆమెను టెలిఫోను తీగలాగా వాడుకుంటున్నారు. "మీ నాయిన చాయ్ తాగుతడా అడుగు." "తాగుతనని జెప్పు." నీళ్ల మోటారు బంద్ చేయాలన్నా ఆమె వంటింట్లో నుంచి వచ్చి ఒకరి మాట ఇంకొకరికి మోయాలి.

"ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి సార్" అంది. "నాయినవి గాకుంటె గావు. నేనే నచ్చజెప్పుకుంట. ఇట్ల ఒగలనొగలు సూడకుండ ఒక్క ఇంట్ల ఉండుడు నాతోని అయితలేదు."

నేను బస్సెక్కాను. ఇటువంటి వ్యవహారాలు ఎన్నో తీర్చినవాణ్ణి కదా. అంటే, ఇదే మొదటిది. కోదాడ ఆయన హుజూర్‌నగర్ మీదుగా వచ్చి మిర్యాలగూడ బస్టాండులో కలిశాడు. ఏ పక్కకు గాలి వీస్తే ఆ పక్కకు వాలేందుకు వీలుగా నా వెనక నడిచాడు.

ఇంట్లో వాకిలి పక్కన నవారు మంచం మీద పెద్దాయన కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో అల్లుడు, ఫోను చూసుకుంటూ. నేను సంచిలో నుంచి భూతద్దం తీశాను. కళ్ల ఆపరేషన్ అయ్యాక నాకు అన్నీ శుభ్రంగానే కనిపిస్తున్నాయి గానీ, భూతద్దం లేని తీర్పును జనం లెక్కచెయ్యరు.

ఆమె తెచ్చిచ్చిన పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ముక్కు ఎదురైంది. కత్తిపీట మొన. రెండో పేజీలో రాణికీ అదే, మూడో పేజీలో రాణిగారి చిలక్కి కూడా దాదాపు అదే. నేను గొంతు సవరించుకున్నాను.

"ఇది ముక్కులాయన గీత. ఇందులో ఇంకో మాట లేదు."

అల్లుడు ఫోన్లో నుంచి తల ఎత్తకుండానే నవ్వాడు. చాయ్ కప్పులు తెస్తున్న ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. పెద్దాయన మాత్రం కదల్లేదు. నేను అక్కడితో ఆపి ఉంటే పెద్దమనిషిగా మిగిలేవాణ్ణి. ఆపడం నాకు చేతకాదు.

"ఇంకో సంగతి చెప్త వినుండ్రి," అన్నాను. "ఈ గీసినాయనకు గొర్రెను గీయడం రాదు. సూడుండ్రి, ఏ పేజీల సూసినా గొర్రెలన్నీ మనకు వీపు చూపెట్టే ఉన్నయి. మూతి గీయ చేతగానోళ్లు ఏసే ఎత్తు ఇది."

"ఎవలకు చేతగాదు?" అన్నాడు పెద్దాయన.

అదే ఆయన మొదటి మాట. నేను భూతద్దం దించాను.

"సారూ, నువ్వు ఎన్నడన్న గొర్లు గాసినవా?"

కాశానని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ వాకిట్లో ఆ అబద్ధం చెల్లదనిపించి, "లేదన్నా" అన్నాను.

"గొర్లు గాసెటోడు మందకు ముంగట నడుస్తడా, ఎనుక నడుస్తడా?"

"వెనక."

"ఎనుక నడిచెటోనికి మూతులు కనబడ్తయా, ముడ్లు కనబడ్తయా? కుర్చీల కూసొని గీసెటోనికి కనబడ్తయి మూతులు."

అల్లుడు ఫోను పక్కన పెట్టాడు. పెళ్లాం వైపు తిరిగి, "రాజును గూడ గీసిన అన్నడు గద. ఆ సంగతి అడుగు" అన్నాడు.

"నేను రాజును గీసిన అన్ననా బిడ్డా?" పెద్దాయన కూడా ఆమెతోనే అన్నాడు. "పుస్తకంల బొమ్మలు గీసిన అన్న. రాజని మీ ఆయనే అనుకున్నడు. ఏం బొమ్మలు గీసినవ్ మామా అని ఎన్నడన్న అడిగిండా? మీరన్న అడిగిండ్రా?"

 కప్పులు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి.

అడగాల్సిన మాట అదొక్కటే. ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడిగాను. బెజవాడలో ఒక పెద్ద చిత్రకారుడి దగ్గర ఈయన పనికి కుదిరాడట. ఆ చిత్రకారుడు మొహాలు గీసి చాయ్‌కి పోయేవాడు. చెట్లు, బండలు, గుంపులో జనం, మేకలు, గొర్రెలు, అవన్నీ ఈయన నింపేవాడు. సాయంత్రానికి పేజీ తయారు. రాజు మొహం గీసినవాడికే పేరు లేని చోట రాజు వెనక గొర్రెను గీసినవాడి పేరు ఎవరడుగుతారు?

"నువ్వు గీసినట్టు మాకు ఎట్ల తెల్వాలె?" అన్నాడు అల్లుడు, ఎవరివైపూ చూడకుండా.

పెద్దాయన ఎడమచెయ్యి చాపాడు. ఆమె కప్పులు గడప పక్కన పెట్టి, లోపలికి పోయి సుద్దముక్క తెచ్చింది. ఆయన మంచం మీద నుంచి వంగి, గచ్చు మీద గీత మొదలుపెట్టాడు. అలవాటు లేని చెయ్యి, వంకర్లు పోయింది. గొర్రె గీయమంటే నేనైనా మీరైనా తల దగ్గర మొదలుపెడతాం. ఆయన వెనక తట్టు నుంచి మొదలుపెట్టాడు. ముందు సగం గుమ్మడికాయ లాంటి గుండ్రం, దాని కింద విరిగినట్టు వంగిన రెండు కాళ్లు, ఆ తర్వాత వీపు, చివరికి ఎక్కడో దూరంగా వేలాడే చెవి. చెవితో ఆపేశాడు. మూతి లేదు.

నేను పుస్తకం మీదికి వంగాను. ఈసారి భూతద్దంతో నిజంగానే పని పడింది. సిరాతో గీసినప్పుడు కలం ఆనిన చోట గీత లావుగా ఉంటుంది, వదిలేసే చోట సన్నబడుతుంది. ఈ సంగతి మీద నేను కోదాడ ఆయనకు ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో. ఆ పుస్తకంలో రాజుగారి గుర్రం గీత మెడ దగ్గర లావు. గొర్రెల గీత తోక దగ్గర లావు. ప్రతి గొర్రెకూ అంతే. ఒకే పేజీలో రెండు చేతులు. ఇన్నేళ్లూ ముక్కులు చూసి మురిసిన మహా పండితుడికి ముక్కుల వెనక ఇంకో మనిషి ఉన్నాడని తట్టలేదు.

"నేను ముందే అనుకున్నానండీ, రెండు చేతులున్నాయని" అన్నాడు కోదాడ ఆయన నా భుజం మీదుగా.

తప్పు బయటపడ్డాక చిన్నబోయి కూర్చోవడం నా వంశంలో లేదు. ఎంత పడ్డానో అంత ఎత్తుకు లేవాలనుకున్నాను. భూతద్దం పైకెత్తి, ఈ చెయ్యి మామూలు చెయ్యి కాదన్నాను. గొర్రెలే కాదు, ఈ గుర్రం కూడా ఈయనదే అన్నాను. కోట బురుజు, కాపరి చేతి కర్ర, ఆఖరికి ఆ కత్తిపీట ముక్కు కూడా ముక్కులాయన ఈయన దగ్గర నేర్చుకున్నదే కావచ్చన్నాను. నా మాటలకు నాకే కళ్లు చెమర్చాయి.

"గుర్రం నాది గాదు" అన్నాడు పెద్దాయన.

"అట్లంటవేంది అన్నా. ఈ డెక్కలు సూడు."

"నాది గాదంటున్న గద. గుర్రమెక్కినోళ్లమా మేము? దాని కాళ్లు ఏడికి మల్గుతయో నాకేమెరుక? కోట గూడ నాది గాదు. ముక్కు సంగతి నేను ఎత్తనే ఎత్తలె. నువ్వు ఎక్కువ జెప్పకు సారూ, మల్ల నన్నే అంటరు."

 నేను భూతద్దాన్ని కండువాతో తుడిచాను. తుడవాల్సినంత దుమ్మేమీ లేదు.

అల్లుడు కుర్చీ జరుపుకుని మంచం దగ్గరికి వచ్చాడు. నా చేతిలో నుంచి పుస్తకం తీసుకున్నాడు. నన్ను అడగలేదు కూడా. నా సాక్ష్యం కన్నా ఆ 'గాదు' అన్న మాటే ఆయనకు పనికొచ్చినట్టుంది. కోతలు కోసేవాడు ఊరికే వచ్చిన గుర్రాన్ని వదులుకోడని ఆ ఇంట్లో అందరికన్నా నాకే బాగా తెలుసు.

"నీయి ఏయేయి మామా?" అన్నాడు. పెళ్లాం వైపు తిరగలేదు. "సూపెట్టు."

పెద్దాయన అల్లుడి మొహం వైపు ఒకసారి చూసి, పేజీ మీదికి వంగాడు. ఎడమచేతి వేలు మెల్లగా జరిగింది. "గిది నాది. గీ చెట్టు నాది. గీ ముసల్ది నాది గాదు, మా గురువుది. గీ మంద మొత్తం నాదే." అల్లుడు పేజీ తిప్పాడు. "మరి గిది?" "గిది గాదు."

"చాయ్ సల్లారె, తాగుండ్రి" అంది ఆమె. ఎవరికి చెప్పిందో ఆ ఇద్దరికీ పట్టలేదు. కప్పులు మా ముందు పెట్టి, ఆమె కూడా మంచం పట్టె మీద కూర్చుని తల దూర్చింది. ఆ మాట ఇటూ ఈ మాట అటూ మోసే పని ఆ పూట ఆమెకు పడలేదు. కోదాడ ఆయనా నేనూ చల్లారిన చాయ్ తాగాం. మమ్మల్ని తీర్పు కోసం పిలిచారన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

"గీ బండ మామా?"

పెద్దాయన వేలు అక్కడ ఆగింది. చాలాసేపు చూశాడు.

"సగం నాది," అన్నాడు. "నేను గీసింది మా గురువుకు నచ్చక, ఈ పక్క చెరిపి మల్ల గీసిండు."