మందతో పరారైన మనిషి

2022 ఎండాకాలం. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర, ఒక బట్టల దుకాణం మీది గదిలో నా ఎడిటింగ్ పని నడిచేది. ఎక్కువగా పెళ్లిళ్లు, పుట్టినరోజులు. హైదరాబాద్ నుంచి ఒక డాక్యుమెంటరీ కంపెనీ వాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారంటే నా పనితనం చూసి కాదు. వాళ్లు తీసుకొచ్చిన ఇంటర్వ్యూల్లో గొర్రెల కాపరుల మాటలు అక్కడి ఎడిటర్‌కు సగం అర్థం కాలేదట. ఈ యాస తెలిసిన మనిషి కావాలన్నారు. చేయని హత్యకు జైల్లో ఉన్న ఒక కాపరి మీద సిరీస్ అనగానే ఇంకేమీ అడగకుండా ఒప్పుకున్నాను.

ఆయన పేరు బీరయ్య. నల్లగొండకు పడమట గుట్టల మధ్య ఆయన ఊరు. కొన్నేళ్ల కిందట ఆ ఊళ్లో ఒక రైతును ఎవరో బోరు దగ్గర నరికి చంపారు. అంతకు కొద్దిరోజుల ముందే బీరయ్య గొర్రెలు ఆ రైతు పత్తి చేలో పడ్డాయి. ఇద్దరూ నలుగురి ముందు తిట్టుకున్నారు. బీరయ్య గొంగడి మీద రక్తం మరకలు దొరికాయి. ఈనిన గొర్రెను పట్టుకున్నప్పుడు అంటిందని ఆయన మొత్తుకున్నాడు. అది మనిషి రక్తమో, గొర్రె రక్తమో పరీక్షలో తేలనే లేదు. అన్నిటికంటే గట్టి సాక్ష్యంగా కోర్టు నమ్మింది మాత్రం ఇంకోటి: హత్య జరిగిన మర్నాడు పొద్దున్నే బీరయ్య ఊరు విడిచి పరారయ్యాడని. యావజ్జీవం వేశారు.

ఆ పరారీ ఏపాటిదో వినండి. పోలీసులు ఆయన్ను పట్టుకున్నది కట్టంగూర్ దగ్గర, పట్టపగలు, రోడ్డు పక్కన గొర్రెల మందను తోలుకుపోతుండగా. వరి కోతలు అయిపోగానే ఎగువ ఊళ్ల మందలు హుజూర్‌నగర్ వైపు కాలువ కింది పొలాలకు పోవడం ఏటా ఉన్నదే. దారిలో రైతులు తమ చేలల్లో మంద పెట్టించుకుంటారు. అంటే రాత్రికి గొర్రెలను అక్కడే ఆపుతారు. చేనుకు ఎరువు, కాపరికి వడ్లు. ఇది తెలియని మనిషి ఈ జిల్లాలో ఉండడు. అలాంటిది కేసు రాసిన పోలీసుకు తెలియలేదా? బీరయ్య తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలుకు తెలియలేదా? ఆ ఇంటర్వ్యూలు చూస్తున్నంతసేపూ నాకు ఒళ్లు మండిపోయింది.

బీరయ్య తమ్ముడు మల్లేశ్ కెమెరా ముందు గొర్రెల మధ్యే నిలబడి మాట్లాడాడు.

“గొర్లమందను తోలుకొని ఎవడన్న పరారైతడా సారూ? పారిపోయెటోడు బస్సెక్కుతడు. గొర్లు తోవ పొంటి పచ్చగ కనవడ్డకాడల్ల ఆగుతయి.”

“మరి కోర్టులో ఈ మాట ఎందుకు చెప్పలేదు?” అని వెనకనుంచి డైరెక్టర్ గొంతు.

“ఎవలడిగిండ్రు? అందరికెరుకే గదా, జడ్జిసారుకు గూడ ఎరుకుంటది అనుకున్నం.”

అక్కడ వీడియో ఆపాను. అంత తెలిసిన సంగతి కాబట్టే ఎవరూ నోరు విప్పలేదు. తర్వాతి ఇంటర్వ్యూ కట్టంగూర్ రైతుది. “దసరకే చెప్పి పెట్టిన, కోతలు కాంగనే మా చేన్ల మంద పెట్టు బీరయ్యా అని. అన్నట్టే బయలెల్లిండు. నన్నైతే ఒక్క పోలీసు అడగలే” అన్నాడాయన. హత్య జరగడానికి ఎన్నో రోజుల ముందే ఖాయమైన ప్రయాణం అది. ఆ ఒక్క మాట చాలు, పరారీ అన్న ముక్క నిలవదు.

దాన్ని మొదటి ఎపిసోడ్‌లోనే పెట్టి రఫ్ కట్ పంపాను. రఫ్ కట్ అంటే ముందుగా వరుసలో పేర్చుకునే కచ్చా రూపం. డైరెక్టర్ వెంటనే ఫోన్ చేశాడు.

“ఆ రైతును చివరి ఎపిసోడ్‌కు జరపండక్కా. అదే మన రివీల్. ముందే చెప్పేస్తే నాలుగు ఎపిసోడ్లు ఎవరు చూస్తారు?”

“అప్పటిదాకా బీరయ్య హంతకుడే అనుకోవాలా జనం?”

“అనుమానం ఉండాలక్కా. అదే కథను నడిపిస్తుంది.”

కుర్రాడు చెడ్డవాడేం కాదు. బీరయ్య నిర్దోషి అని నాకంటే ముందే నమ్మినవాడు. నమ్మి కూడా ఆ మాట అన్నాడు. ట్రైలర్ నేను చేయనని చెప్పాను. హైదరాబాద్‌లోనే ఎవరితోనో చేయించుకున్నారు. అందులో రీ-ఎనాక్ట్‌మెంట్, అంటే నటులతో మళ్లీ తీయించిన సన్నివేశం ఒకటి. గొంగడి కప్పుకున్న మనిషి గొడ్డలితో బోరు వైపు నడుస్తుంటాడు. తెర మీద అక్షరాలు: కాపరా? హంతకుడా?

ట్రైలర్ కోతల రోజుల్లో విడుదలైంది. కొన్నాళ్లకు బీరయ్య భార్య లచ్చమ్మ నా గది మెట్లెక్కి వచ్చింది. ఇంటర్వ్యూల్లో గంటల కొద్దీ చూసిన ముఖం కాబట్టి గుర్తుపట్టాను. కూర్చోమన్నా కూర్చోలేదు. మల్లేశ్ ఫోన్ నా ముందు పెట్టింది.

“గీ గొడ్డలి పట్టుకున్నోడు ఎవలు చెల్లె?”

“నటుడక్కా. మీ ఆయన కాదు.”

“నా పెనిమిటి కాదని నాకెరుక గాదా? తోవల రైతులకెట్ల ఎరుకైతది? ఏటా మంద పెట్టించుకునేటోళ్లే, ఫోన్ల గిది సూపెట్టి, మీ మంద మాకొద్దన్నరు. కట్టంగూరాయన ఒక్కడే జాగిచ్చిండు. ముందటికి పోతే ఎవ్వలిస్తలేరు. గొర్లను యాడ ఆపాలె?”

ఆమె ఫోన్‌లో ట్రైలర్‌ను మళ్లీ మొదటికి తిప్పింది.

“సంపిండని కోర్టు ఒక్కపారే అన్నది చెల్లె. గిది దినాం అంటాంది.”

ఆమె అక్కడుండగానే డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. ట్రైలర్ బాగా నడుస్తోందనీ, ఇప్పుడు తీసేయమంటే కంపెనీ ఒప్పుకోదనీ, చివరికి ఆయనకు మేలే కదా జరిగేదనీ అన్నాడు. చివరి దాకా గొర్రెలు గాలి తిని బతుకుతాయా అని అరిచాను. నేను పోరగా పోరగా కంపెనీ చేసిన ఉపకారం ఒక్కటే. అది నటులతో తీసిన సన్నివేశమని ట్రైలర్ అడుగున చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక లైను చేర్చి చేతులు దులుపుకుంది. ఆ పని అంతటితో వదిలేశాను.

ఉగాదిలోపే లచ్చమ్మ మంద అమ్మేసింది. ఎలా తెలిసిందో, డైరెక్టర్ మళ్లీ ఫోన్ చేశాడు. ఖాళీ దొడ్డిలో ఆమెను కూర్చోబెట్టి ఒక షాట్ తీస్తే చివరి ఎపిసోడ్‌కు మంచి ముగింపు అవుతుందట, ఆమెతో నేను మాట్లాడాలట. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. ఇప్పటికీ అందుకు నాకేమీ చింత లేదు.

అనుమానం మిగిలితే ఆ లాభం ముద్దాయికి దక్కాలని కోర్టుల్లో ఒక నియమం ఉందంటారు. బీరయ్యకు కోర్టులో అది దక్కలేదు. మా వాళ్లు అనుమానాన్ని పెంచి అమ్ముకున్నారు, ఆ లాభమూ ఆయనకు దక్కలేదు. ఈ కేసు నాకు నేర్పింది ఇదే. అప్పటినుంచి ఇలాంటి పని నా చేతికొస్తే, మనిషి నిర్దోషి అని చెప్పే ముక్క మొదట్లోనే పెడతాను. ఇష్టం లేనివాళ్లు వేరే ఎడిటర్‌ను చూసుకోవచ్చు. హైకోర్టులో బీరయ్య అప్పీలు ఇంకా విచారణకు రాలేదు.

మంద అమ్మిన తర్వాత లచ్చమ్మ మొదటిసారి ములాఖత్‌కు వెళ్లి, జైలు బయటినుంచే నాకు ఫోన్ చేసింది.

“మంద యాడున్నదే అని అడిగిండు చెల్లె. హుజూర్‌నగర్ల మంచిగ మేస్తున్నయని చెప్పిన. గొర్లు లేవని తెలిస్తే ఇగ బయటికెందుకు రావాలె అనుకుంటడు.” తర్వాత గొంతు తగ్గించి అంది: “మీ సార్లకు జర చెప్పు, గొర్లమ్మిన ముచ్చట సినిమాల పెట్టొద్దని. లోపట టీవీ ఉన్నదట.”