చూశాక కూడా ఆగని చెయ్యి

మార్కెట్ తెరిచేదాకా ఆర్మూరు బస్టాండులో మూడు ముక్కలాట వేశాం. పందెం పసుపు కొమ్ములే; నావి సావుకారుకు చూపడానికి ఏరి తెచ్చినవి. పంచేవాడి పక్కన కూర్చున్న ఓ కొత్తమనిషిది మొదటి పందెం; ముక్కలు చూడకుండానే కాశాడు. చూశాక కూడా అంతే దర్జాగా పెంచాడు. పంచినవాడు అతని దోస్తేమోనని నాకు అనుమానం. రాజుల జోడి ఉన్నా పడేశాను.

అతని బస్సొచ్చింది. నా కొమ్ములు మూటగట్టుకుని, తన ముక్కలు తిప్పి చూపాడు. ఒక్క బొమ్మా లేదు.

“ముక్కలు చూసినంక చెయ్యి ఆగితే నువ్వు పట్టేస్తుంటివి పటేలా. అందుకే ఆగలే,” అన్నాడు.

ఆ రోజుల్లో మార్కెట్లో బేరం తువ్వాలు కింద, వేళ్లు నొక్కి. నా బస్తాలోని పసుపు చూసి సావుకారు తక్కువ ధర చెప్పాడు. కాదన్నాను. మళ్లీ అదే ధర, ఇంకా గట్టిగా నొక్కాడు. ఆ వేలు చెమటతో తడిసి ఉంది.

నేను తగ్గలేదు.