ఊపిరి ఆడడం లేదని చెప్పిన రోజు

మంచులో జారిపోకుండా నడుములకు తాళ్లు కట్టుకుని మధ్యాహ్నం రెండింటికి సరిహద్దు సైనిక పోస్టు చేరాం. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. చుట్టూ మంచు. ఒక ఫైబర్ గుడిసె, కిరోసిన్ స్టవ్, రేడియో సెట్టు. ఏడుగురం. తొంభై రోజుల డ్యూటీ.

పదకొండో రోజు నాకు దగ్గు మొదలైంది. ఎవరికీ చెప్పలేదు.

మాది కోయిలకుంట్ల పక్క పల్లె. అమ్మానాన్నలు పోయాక చిన్నాయన దగ్గర పెరిగాను. జ్వరమంటే నాటకమని కొట్టేవాడు. ఒళ్లు కాలుతున్నా కందిచేలో పనికి పోయేవాణ్ణి. పట్టాళంలో చేరాక కూడా తలనొప్పి, కడుపులో మంట ఉండేవి. ఏడేళ్లలో ఒక్కసారి కూడా నా అంతట నేను డాక్టరు ముందుకు వెళ్లలేదు.

పదమూడో రోజు ఉదయం బూటు తాడు కట్టుకోబోయి కూలబడ్డాను. పోస్టులో వైద్యం చూసే మా నర్సింగ్ అసిస్టెంట్‌ది వేంపల్లె, మా సీమే. నుదురు చూద్దామని చెయ్యెత్తాడు. నేను చటుక్కున తల పక్కకు తీసుకున్నాను. అతను చెయ్యి దించేశాడు.

"ఎన్ని దినాల నుంచి దగ్గుతాండావప్పా?"

"ఏం ల్యాదన్నా."

"చిన్నప్పుడు నిన్ను ఎవురు కొట్టినారు?"

ఆ మాట అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా చిన్నాయన."

"ఈడ ఎవురూ కొట్టరు. యాడ బాధగా ఉండాదో చెప్పు."

"ఊపిరి ఆడడం ల్యాదన్నా. మూడు దినాలాయె."

జీవితంలో మొదటిసారి చెప్పాను. ఎవరూ కొట్టలేదు. నిమిషంలో ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. పోస్టు కమాండర్ కింది బేస్ క్యాంపుతో మాట్లాడడానికి రేడియో అందుకున్నాడు.

"బేస్, ఒక పేషెంట్. ఊపిరితిత్తుల్లో నీరు. హెలికాప్టర్ కావాలి."

"మబ్బుంది. ఆగండి."

నాలుగు గంటలు ఆగాం. నర్సింగ్ అసిస్టెంట్ నా చెయ్యి వదల్లేదు. ఒంటిగంటన్నరకు మబ్బు విడింది. హెలికాప్టర్ వచ్చింది.

బేస్‌లో డాక్టరు ఊపిరితిత్తులతోపాటు బీపీ కూడా పట్టుకున్నాడు. నా చిన్నతనం గురించి అడిగి తెలుసుకున్నాడు. "భయంలో పెరిగిన చాలామందికి ఆ భయం ఒంట్లోనే ఉండిపోతుంది. జబ్బు త్వరగా వస్తుంది, వాళ్లు మాత్రం ఆస్పత్రికి ఆలస్యంగా వస్తారు. నువ్వు సమయానికి చెప్పావు," అన్నాడు.

నన్ను మళ్లీ పైకి పంపలేదు. బేస్ రేడియో దగ్గర కూర్చోబెట్టారు. రోజూ సాయంత్రం ఐదింటికి ప్రతి పోస్టునూ అడిగేవాణ్ణి: "ఎవరికైనా దగ్గుందా? దాచొద్దు." ముగ్గురు చెప్పారు. ముగ్గురినీ ఇంకా నడవగలిగే స్థితిలో ఉండగానే దించాం. ఆ తొంభై రోజుల్లో మా వాళ్లంతా ప్రాణాలతో కిందికొచ్చారు. అంత గర్వం నాకు ఏ పతకం తగిలించుకున్నా కలగలేదు.

ఇంటికొచ్చిన మర్నాడే కోయిలకుంట్ల ఆస్పత్రిలో వరుసలో నిలబడి చీటీ తీసుకున్నాను. "ఏం బాధప్పా?" అంది నర్సమ్మ. అన్నీ చెప్పాను. ఇప్పటికీ నెలనెలా వెళ్తాను. బీపీ అదుపులో ఉంది.

కళ్లు మూస్తే మాత్రం ఆ హెలికాప్టర్ కిటికీయే కనబడుతుంది. కింద నర్సింగ్ అసిస్టెంట్ నేను దక్కానని బరువైన బూట్లతో మంచులో గంతులేస్తున్నాడు. అంత ఎత్తులో ఎవరూ గంతులేయరు, ఊపిరి చాలదు. అతను వేస్తూనే ఉన్నాడు.