చంబల్ భీమేశ్వరరావు గారి మోచేతులు

మా పైవాటా భీమేశ్వరరావు గారికి ఒకటే పిచ్చి. ఎవరు కనబడినా మోచేతులు చూపిస్తారు. లోకంలో మనుషులు నమస్కారం పెడతారు, లేదా చెయ్యి కలుపుతారు. ఈయన మోచెయ్యి మడిచి ఎదుటివాళ్ళ ముక్కు కింద పెడతారు. "సోరియాసిస్. అంటుకోదు. కావాలంటే ముట్టుకు చూడండి."

ఢిల్లీ జనక్‌పురిలో జనవరి వచ్చిందంటే మేమంతా స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద శాలువా కప్పుకుని కళ్ళు మాత్రం బయటపెట్టి తిరుగుతాం. ఈయన ఒక్కరే పొట్టి చేతుల చొక్కాలో పాలబూత్ దగ్గర నిలబడతారు. "అంకుల్‌జీ, ఠండ్ లగ్ జాయేగీ" అని బూత్ భయ్యా జాలిపడితే, "చలి సంగతి తర్వాత, ముందు ఇది చూడు" అంటారు. పాల కోసం వరసలో ఉన్నవాళ్ళందరికీ పాలకన్నా ముందు పాఠం అందుతుంది.

వాళ్ళు మా పైవాటాలో దిగి రెండున్నరేళ్ళయింది. ఆయన సెంట్రల్ గవర్నమెంటులో రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి వచ్చారు. సామాను లారీ వచ్చేసరికే నేను గేటు దగ్గరున్నాను. సామాను చూస్తే మనుషులు తెలుస్తారు కదా, అందుకని. ఎదురింటి మల్హోత్రా ఆంటీ నా చెవిలో, "సుభద్రా, ఉన్‌కో చంబల్ హై" అంది.

నాకు తెలిసిన చంబల్ ఒక్కటే, పూర్వం బందిపోట్లు తిరిగిన లోయ. ఆయన మొహం చూశాను. మీసాలున్నాయి. లారీలోంచి దింపుతున్నది చూశాను. ఇనప్పెట్టె. ఇంకేం కావాలి? మా ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"పైకి చంబల్ వాళ్ళు దిగారండీ, తలుపుకి ఇంకో గొళ్ళెం వేయించండి."

"పొద్దున తెలుగువాళ్ళన్నావు?"

"తెలుగువాళ్ళే. అక్కడ ఉద్యోగం చేశారేమో."

"ఏం ఉద్యోగం?"

"అదే కనుక్కోవాలి."

సాయంత్రం గిన్నెలో పులిహోర పట్టుకుని కనుక్కోవడానికి వెళ్ళాను. "అన్నయ్యగారూ, చంబల్‌లో ఎన్నాళ్ళున్నారు?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నేను చంబల్‌లో లేనమ్మా, చంబలే నాలో ఉంది" అని మోచేతులు మడిచారు. ఎర్రటి మచ్చలు, వాటి మీద వెండి రేకుల్లా పొలుసులు. సోరియాసిస్‌ని హిందీలో చంబల్ అంటారట. ఆయన భార్య అరుంధతి వదిన వంటింట్లోకి వెళ్ళి, తనివితీరా నవ్వుకుని వచ్చింది.

అడగడం మొదలుపెట్టాక నేను ఆగను. చెప్పడం మొదలుపెట్టాక ఆయనా ఆగరు.

"మీకు పాత చర్మం పోయి కొత్తది రావడానికి నెల పడుతుందమ్మా. నాకు వారం తిరక్కుండా తయారు. సర్కారు కొలువులో ఇన్నేళ్ళు చేశాను, నా ఒంటి మొత్తంలో గబగబా పనిచేసింది ఈ తోలొక్కటే."

"ఎందుకంత తొందర దానికి?"

"ఒంటిని కాపలా కాసే సైన్యానికి లేనిపోని అనుమానం. శత్రువు లేకుండానే యుద్ధం మొదలుపెడుతుంది."

"మందుల్లేవా?"

"లేకేం, పూతలు, మాత్రలు, ఇంజెక్షన్లు. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. చలికాలంలో మరీను. ఇది పర్మనెంట్ పోస్టమ్మా. లీవు మీద వెళ్తుంది గానీ రిజైన్ చెయ్యదు."

"వంకాయ మానేసి చూడకూడదూ?"

"వంకాయ ఏం పాపం చేసింది?"

ఒకసారి మెట్రోలో పక్కనున్నతను ఈయన మోచేతులు చూసి కొంచెం జరిగాడట. ఈయనా జరిగారు. అతను ఇంకా జరిగాడు. ఈయనా ఇంకా జరిగారు. రాజీవ్ చౌక్ వచ్చేసరికి అతను సీటు చివర కడ్డీకి అతుక్కుపోయి, "అంకుల్, అంటుకోదని ఒప్పుకుంటున్నాను, ఊపిరాడనివ్వండి" అన్నాడట. ఈ కథ ఆయన గెలిచిన కేసులా చెప్పుకునేవారు.

ఇక మా కింద వాటాలో నర్సు సరళకుమారి, ఆవిడ కూతురు అనుగ్రహ ఉంటారు. గోరింటాకు కోన్ పట్టిందంటే ఆ పిల్ల వేళ్ళలోంచి నెమళ్ళు ఎగిరొస్తాయి. మాకు అట్లతద్దీ, హిందీవాళ్ళకి మొగుడి ఆయుష్షు కోసం చేసే కర్వా చౌత్ ఒక్క రోజు తేడాలో వస్తాయి కనక కాలనీ ఆడవాళ్ళందరం చర్చికెళ్ళే ఆ పిల్ల ముందే చేతులు చాపేవాళ్ళం. అలాంటిది, పైవాటావాళ్ళు రాకముందే ఉన్నట్టుండి మానేసింది. మే నెల ఎండలో కూడా నిండు చేతుల కుర్తా. ఎందుకని నేను అడగని రోజు లేదు, తను చెప్పిన రోజూ లేదు.

మొన్న అట్లతద్దికి ముందు సాయంత్రం తల్లి బతిమాలగా బతిమాలగా పార్కు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంది. ఈసారి ఎవరైనా మొహం తిప్పుకుంటే జన్మలో మళ్ళీ కోన్ పట్టనని తల్లితో అనే వచ్చిందట. మొదటి చెయ్యి ఒక కొత్త కోడలిది. తీగ సగం లాగేసరికి పిల్ల కుర్తా చెయ్యి పైకి జారింది. మణికట్టు పైన ఎర్రటి మచ్చ.

"చంబల్" అన్నారెవరో. ఆ మాట వరస చివరిదాకా పాకింది. చేతులన్నీ చున్నీల్లోకి వెళ్ళిపోయాయి. ఒకావిడకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. కొత్త కోడలు సగం తీగతోనే లేచింది. అనుగ్రహ తలవంచుకుని కోన్‌కి మూత పెట్టింది.

నేను నోరు తెరిచేలోపే కూరల సంచీతో భీమేశ్వరరావు గారు వచ్చారు. సొరకాయ బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుని, అరచెయ్యి చాపారు.

"వెయ్యమ్మా."

"అంకుల్, మెహందీ... మీకా?"

"నాకు చెయ్యి లేదా?"

మల్హోత్రా ఆంటీ ఆగలేకపోయింది. "భాయీసాబ్, కర్వా చౌత్ మీరు చేస్తారా?"

"మా ఆవిడ ఆయుష్షు కోసం. తప్పా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల కూడా నవ్వింది. "ఏం వెయ్యను అంకుల్?"

"నెమలి. తోక పొడుగ్గా రావాలి."

ఆ తోక దగ్గరే కుర్తా అంచు అడ్డొచ్చి రెండుసార్లు చెదిరింది. "కదలకండి అంకుల్" అని కసిరి, కుర్తా చేతులు రెండూ మోచేతుల దాకా మడుచుకుని, మళ్ళీ వంగింది. తను ఏం చేసిందో తనకే తెలిసినట్టు లేదు.

"ఇక లేవండి అన్నయ్యగారూ, నా వంతు" అన్నాను.

"సుభద్రా, లైన్ మే ఆవో" అని మల్హోత్రా ఆంటీ నన్ను వరసలోకి తోసి తను ముందు నిలబడింది.

చేతులు ఆరబెట్టుకుంటూ అరుంధతి వదినని అడిగాను. "ఈయన మొదట్నించీ ఇంతేనా?"

"ఎక్కడ? సర్వీసంతా నిండు చేతుల చొక్కాలే. మా పుట్టింటివాళ్ళకి కూడా తెలియనివ్వలేదు. ఈ ఇల్లు చూడ్డానికి వచ్చినరోజు మెట్ల మీద ఈ పిల్ల చేతులు వెనక్కి దాచుకోవడం చూశారు. ఇంటికెళ్ళగానే కత్తెరడిగి, ఉన్న చొక్కాలన్నిటికీ చేతులు కత్తిరించేశారు."

"పిల్లతో ఏమైనా చెప్పారా మరి?"

"ఒక్క ముక్క లేదు. కాలనీకి చెబితే చాలు, పిల్లకి చెప్పక్కర్లేదన్నారు."

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర అందరం చేతులు పోల్చుకున్నాం. నాది ఆరెంజి రంగు. మల్హోత్రా ఆంటీది గోధుమరంగు. భీమేశ్వరరావు గారి అరచేతిలో నెమలి మాత్రం చింతనిప్పులా పండింది.

"ఇంత ఎర్రగా పండిందంటే ఈయనకి మంచి మొగుడొస్తాడు" అంది అరుంధతి వదిన.

ఆయన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుని, "పెన్షనుంది, కాఫీ పెట్టడం వచ్చు, అణకువగా ఉంటాను. ఎక్కడైనా మంచి సంబంధం ఉంటే చూడమ్మా సుభద్రా" అన్నారు.